కళ్ళకు గంతలు కడితే రమ్ము ఏది, విస్కీ ఏది?

గత నెల ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. వాళ్ళింట్లో నలుగురు కూర్చుని, 18 ఏళ్ళ స్కాచ్ (స్కాట్లండు విస్కీ) సింగిల్ మాల్టులు రెండు, పీపాలో చాలా ఏళ్ళు ఊరిన రమ్ము ఒకటి, ఏ గ్లాసులో ఏముందో తెలియకుండా పోయించుకుని రుచి చూశారట. నలుగురిలో ముగ్గురు రమ్మున్న గ్లాసునే పట్టుకుని "మూడింట్లో మంచి విస్కీ ఇదే" అన్నారట. "ఇరవై ఏళ్ళుగా విస్కీ తాగుతున్నాం, మా నాలుకలకు ఏమైందిరా?" అని అతని బాధ.

ఏమీ కాలేదు. వాళ్ళ ముక్కులు చక్కగా పనిచేశాయి. అవి పట్టుకున్నది బార్లీనీ కాదు, చెరకునూ కాదు. చెక్కను.

విస్కీ తయారీ అంతా ఇక్కడ చెప్పను. మొలకెత్తించిన బార్లీతో ఒకే డిస్టిలరీలో కాచింది సింగిల్ మాల్ట్ (పిల్లలకు మనం కాచి ఇచ్చే రాగి మాల్టులో ఉన్న మాటే ఇది). చెరకు మడ్డితో కాచింది రమ్ము. బట్టీలోంచి దిగినప్పుడు రెండూ మంచినీళ్ళలాగే ఉంటాయి. ఆ రోజు వాసన చూస్తే తేడా చెప్పడం పెద్ద కష్టం కాదు. తర్వాత రెండూ ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన పీపాల్లోకి వెళ్తాయి. నాకు ఎంత చదివినా తనివి తీరనిది అక్కడి నుంచి జరిగేదే.

మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో వట్టివేళ్ళు వేసేది. నూలు చీర, పట్టు చీర రెండూ అందులోనే. ఏడాది తర్వాత తీసి కళ్ళు మూసుకుని వాసన చూస్తే ఏది నూలో ఏది పట్టో తెలియదు, రెండూ పెట్టె వాసనే వేస్తాయి. పీపాలో జరిగేదీ ఇదే. పైగా ఇక్కడ పెట్టె కూడా ఒకటే. అమెరికాలో బర్బన్ విస్కీకి లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలే వాడాలని చట్టం. ఒకసారి వాడేసిన ఆ పీపాలు ఓడలెక్కి కొన్ని స్కాట్లండుకు, కొన్ని కరీబియన్ దీవుల రమ్ము గోదాములకు వెళ్తాయి. అంటే మా మిత్రుడి మూడు గ్లాసుల వెనక ఒకే అడవి ఉండి ఉండవచ్చు.

చెక్క ఏమిస్తుంది? ఓక్‌లోని లిగ్నిన్ (చెక్కకు గట్టిదనం ఇచ్చే పదార్థం) కాలినప్పుడు విరిగి వనిలిన్ అవుతుంది. మనం తినే వనిలా ఐస్‌క్రీమ్‌కు వాసన ఇచ్చే అణువే అది, తేడా లేదు. లిగ్నిన్ నుంచే గ్వాయకాల్ కూడా వస్తుంది, అది పొగ వాసన. చెక్కలోని హెమీసెల్యులోజ్ అనే మరో పదార్థం చక్కెరలుగా విడిపోయి మాడుతూ పాకం వాసన ఇస్తుంది. ఓక్ లాక్టోన్ అని మరొకటి ఉంది, అది కొబ్బరి. దానికి సిస్, ట్రాన్స్ అని రెండు రూపాలు. పరమాణువులు అవే, అమరిక వేరు. సిస్ రూపం చాలా తక్కువ మోతాదులోనే ముక్కుకు తెలుస్తుంది, అమెరికన్ తెల్ల ఓక్‌లో అదే ఎక్కువ. మరోవైపు పీపా లోపలి బొగ్గు పొర గంధకపు వాసనలను పీల్చుకుంటుంది. చెక్క రంధ్రాల్లోంచి వచ్చే ఆక్సిజన్ ఆల్కహాల్‌లో కొంత భాగాన్ని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం మళ్ళీ ఆల్కహాల్‌తోనే కలిసి ఎస్టరు అవుతుంది. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో "పండ్ల వాసన" అని రికార్డులో రాయిస్తారే, అదే చర్య. పరీక్షనాళికను ముక్కు దగ్గరికి తెచ్చి చూపించకుండా ఆ మాట రాయించడం నాకు ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ ఒక్క వాసన చూపిస్తే ఆ పాఠం జన్మలో మరిచిపోరు.

పెట్టె పోలిక ఇంకా ముందుకు వెళ్తుంది. వట్టివేళ్ళు మొదటి ఏడాది ఘాటుగా ఉంటాయి, మూడో ఏడాదికి నీరసిస్తాయి. పీపా కూడా అంతే, మూడోసారి నింపిన పీపాలో 18 ఏళ్ళు ఉన్నా చెక్క వాసన పలచగానే ఉండొచ్చు. ఎండాకాలం పెట్టె వాసన ఇల్లంతా వస్తుంది కదా, వేడి ప్రాంతాల్లో పీపా పని కూడా అలాగే వేగం. స్కాట్లండులో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, దాన్ని వాళ్ళు దేవతల వాటా అంటారు. బెంగళూరులో అమృత్ విస్కీ పీపాల్లోంచి ఏటా 10 శాతానికి పైగా పోతుంది. లెక్క వేసి చూడండి: అక్కడ 25 ఏళ్ళకు మిగిలేది 60 శాతం, ఇక్కడ ఐదేళ్ళకే 59. అందుకే సీసా మీది వయసును జాతకంలా నమ్మడం తప్పు. మన ఇళ్ళలో జలుబు చేసిన పసిపిల్లలకు చెంచాడు బ్రాందీ పట్టే అలవాటు లాంటిదే ఇదీ, ఆధారం లేని నమ్మకం. పిల్లల విషయంలో అయితే ప్రమాదం కూడా. దయచేసి పట్టకండి.

రంగును కూడా నమ్మకూడదు. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది, రమ్ములో మామూలే. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో 54 మంది వైన్ విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. కాబట్టి పరీక్ష నల్ల గ్లాసుల్లోనే జరగాలి.

ఇక మిత్రుడి ఫలితం. మూడు గ్లాసుల్లో గుడ్డిగా ఒకటి ఎంచుకున్నా, నలుగురిలో కనీసం ముగ్గురు రమ్ము మీదే వేలు పెట్టే అవకాశం 81లో 9, అంటే తొమ్మిదింట ఒకటి. ఇలా తొమ్మిది ఇళ్ళలో ఆడితే ఒక ఇంట్లో ఇది ఊరికే జరుగుతుంది. దాని మీద నాలుకకు తీర్పు చెప్పకూడదు. సరైన పద్ధతి ఏమిటంటే, రెండు గ్లాసుల్లో ఒకే విస్కీ, మూడో దాంట్లో రమ్ము పోసి, వేరే గ్లాసు ఏదో చెప్పమనాలి. ప్రతిసారీ వరస మార్చాలి, పోసినవాడు గదిలో ఉండకూడదు. ఇలా 12 సార్లు చేస్తే 7 సరిగ్గా చెప్పినా చాలదు, అది అదృష్టంతో వచ్చే అవకాశం 6.6 శాతం. 8 చెబితే అవకాశం 1.9 శాతానికి పడిపోతుంది, అప్పుడు నమ్మొచ్చు. పన్నెండు సార్లు అంటే పన్నెండు పెగ్గులు కాదు. డిస్టిలరీల్లో విస్కీలు కలిపే నిపుణులు కూడా ఎక్కువగా వాసనే చూస్తారు, అదీ నీళ్ళు పోసి 20 శాతానికి దించి. నీళ్ళు పోస్తే పాడవుతుందని వాదించేవాళ్ళకు 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్‌లో చేసిన లెక్క చూపించాలి. 45 శాతం ఆల్కహాల్ వరకు గ్వాయకాల్ ద్రవం పైపొరలోనే ఉంటుంది, 59 దాటితే లోపలికి దిగిపోతుంది. నీళ్ళు దాన్ని ముక్కు దగ్గరికి తెస్తాయి.

చీరల విషయానికి వస్తే, వాసన ఒకటే అయినా చేత్తో తడిమితే నూలు నూలే, పట్టు పట్టే. అలా తడిమి చూడాల్సినవి ఇక్కడా ఉన్నాయి. కొన్ని రమ్ముల్లో కాచిన తర్వాత చక్కెర కలుపుతారు, స్కాచ్‌లో కలపకూడదు. కాబట్టి పెదాలకు జిగట తగులుతోందా చూడాలి. జమైకా రమ్ముల్లో ఎస్టర్లు విపరీతం, మాగిపోయిన అరటిపండు, అనాస వాసన చెక్కను దాటుకుని వస్తుంది. స్కాట్లండులోని ఐలా దీవి విస్కీల్లో చాలావాటికి బార్లీని పీట్ (బురదనేలల్లో మొక్కలు కుళ్ళి పేరుకున్న ఇంధనం) పొగలో ఆరబెడతారు, పొగ వాసన ఇచ్చే ఆ ఫినాల్స్ ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గినా పూర్తిగా పోవు.

మిత్రుడికి ఇంకో మాట కూడా చెప్పాను. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి ఆధారం చెరకు మడ్డి స్పిరిట్టే. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం ధాన్యంతో చేయనిది విస్కీ కాదు. ఇరవై ఏళ్ళుగా విస్కీ అని వాళ్ళ ముక్కు గుర్తుపెట్టుకున్నది చెరకునే అయి ఉంటే, ఆ రోజు రమ్ము గ్లాసు దగ్గర ఆగడంలో వింత లేదు. వచ్చే నెల నల్ల గ్లాసులతో మళ్ళీ చేస్తామన్నాడు. గ్లాసులు కడగకుండా పొద్దున్న దాకా ఉంచమన్నాను. ఎస్టర్లు రాత్రికే ఎగిరిపోతాయి, ఎండిన గ్లాసులో తేలిగ్గా ఆవిరి కాని వనిలిన్ మిగులుతుంది. అప్పుడు మూడు గ్లాసులూ మా అమ్మమ్మ పెట్టెలాగే ఒకే వాసన వేస్తాయి.