అల్బినోనీ అడాజియో: అపోహలు - వాస్తవాలు

గత నెలలో ఒక రాత్రి పదిన్నరకు ఫోను మోగింది. నా దగ్గర వయొలిన్ నేర్చుకునే అమ్మాయి నాన్నగారు. నాయనమ్మ సంవత్సరీకానికి ఒక వీడియో చేసి, దానికి అమ్మాయి వాయించిన "అల్బినోనీ అడాజియో" (వెనిస్ స్వరకర్త అల్బినోనీ పేరుతో వినబడే, నెమ్మదిగా సాగే కృతి) జతచేసి ఇంటర్నెట్‌లో పెట్టారట. మర్నాడే కాపీరైట్ నోటీసు వచ్చింది. "మూడు వందల ఏళ్ళ నాటి సంగీతానికి కాపీరైట్ ఏమిటి మాస్టారూ? మా మీద కేసు పెడతారా?" అన్నారు. ఆయన గొంతు వణుకుతోంది. ఈ ప్రశ్న నాకు ఏటా ఇద్దరు ముగ్గురి నుంచైనా వస్తుంది.

అపోహ: ఆ అడాజియో 18వ శతాబ్దపు కృతి, ఎవరైనా వాడుకోవచ్చు.

వాస్తవం: జి మైనర్‌లో ఉన్న ఆ అడాజియో అచ్చయింది 1958లో. రాసింది రెమో జియాజోటో అనే ఇటలీ సంగీత పరిశోధకుడు. డ్రెస్డెన్ గ్రంథాలయం నుంచి అల్బినోనీ రాతప్రతి ముక్క ఒకటి తనకు చేరిందనీ, అందులో బాస్ వరుస (కింది స్థాయి స్వరాలు), కొద్ది బార్ల (తాళ ఖండాల) వయొలిన్ వరుస తప్ప ఏమీ లేవనీ, మిగతాది తానే పూరించాననీ ఆయన చెప్పారు. ఆ అసలు ముక్క ఇంతవరకు బయటపడలేదు. అంటే మనందరం కళ్ళు మూసుకుని వినే ఆ రాగధార జియాజోటోదే. ఆయన 1998లో చనిపోయారు. మన చట్టం ప్రకారం స్వరకర్త మరణించాక 60 ఏళ్ళు, అంటే 2058 చివరి వరకు, హక్కులు ఉంటాయి. యూరప్‌లో 70 ఏళ్ళు.

"మా అమ్మాయే వాయించింది కదా" అంటారు. వాయించిన రికార్డింగు మీద హక్కు వేరు, స్వరరచన మీద హక్కు వేరు. మీ అమ్మాయి వాయిస్తే మొదటిది మీది, రెండోది కాదు.

భయపడేవారికి ఒక మాట. అలాంటి నోటీసు కోర్టు సమను కాదు. చాలాసార్లు ప్రకటనల డబ్బు హక్కుదారుకు వెళుతుంది, లేదా శబ్దం ఆగిపోతుంది, లేదా కొన్ని దేశాల్లో వీడియో కనబడదు. ఏం జరిగిందో అందులోనే రాసి ఉంటుంది, ముందు చదవండి. వాట్సాప్ సలహాలు నమ్మి "ఇది పాత సంగీతం, హక్కులు తీరిపోయాయి" అని మాత్రం అభ్యంతరం పెట్టకండి. నా పాత విద్యార్థి ఒకడు వరుసగా మూడు వీడియోలకు అలాగే రాసి, ఆరేళ్ళు కష్టపడి పెంచుకున్న ఛానెల్ పోగొట్టుకున్నాడు. ఆ సలహా పంపినవాళ్ళు ఒక్కరైనా స్కోరు (స్వరలిపి పుస్తకం) అట్ట తిప్పి చూశారా? జియాజోటో పేరు దానిమీదే ఉంటుంది.

ఆ కృతిని తక్కువ చేయడం లేదు. 1992లో ముట్టడిలో ఉన్న బోస్నియా రాజధాని సారయేవోలో, శిథిలాల మధ్య కూర్చుని వెడ్రాన్ స్మైలోవిచ్ చెల్లో మీద వాయించింది దాన్నే. నాకు బాధ కలిగించేది వేరు: ఆ ఒక్క కృతి నీడలో అసలు అల్బినోనీ కనబడకుండా పోయాడు.

మిగతా అపోహలు త్వరగా చెబుతాను. అల్బినోనీ తన ఊరివాడే అయిన స్వరకర్త వివాల్డీని అనుకరించాడన్నది తప్పు. వివాల్డీ కంటే ఏడేళ్ళు పెద్ద, 1671లో వెనిస్‌లో పుట్టాడు. తొలి సంపుటి 1694లో వచ్చింది, వివాల్డీది 1705లో. వాద్య సంగీతమే రాశాడన్నదీ తప్పే, కనీసం యాభై ఓపెరాలు (పాటలతో నడిచే నాటకాలు) ఆయనవి. చర్చి కొలువూ రాజాస్థానం కొలువూ చేయలేదు, తండ్రికి పేకముక్కలు తయారుచేసే వ్యాపారం ఉండేది. జర్మన్ స్వరకర్త బాఖ్ ఈయన తొలి సంపుటిలోని స్వర ఇతివృత్తాలు తీసుకుని ఫ్యూగులు (ఒకే ఇతివృత్తం ఒకదాని వెంట ఒకటిగా పలు వరుసల్లో వినిపించే కృతులు) కట్టాడు. 1740ల తొలినాళ్ళలో ఫ్రాన్స్‌లో ఈయన సొనాటాలను మరణానంతర ప్రచురణగా అచ్చువేశారు. ఆయనేమో 1751 దాకా వెనిస్‌లో బతికే ఉన్నాడు.

నిజమైన అల్బినోనీ కావాలంటే 1722లో వచ్చిన ఓపస్ 9లో (తొమ్మిదో సంపుటిలో) రెండో కన్చెర్టో (ముఖ్య వాద్యానికీ వాద్యబృందానికీ రాసిన కృతి) వినండి. అందులోనూ ఒక అడాజియో ఉంది. వయొలిన్ల స్వరాలు విడివిడిగా అలల్లా కదులుతుంటే, వాటి మీద ఓబో అనే ఊదే వాద్యం ఒకే స్వరాన్ని పట్టి నిలుపుతుంది. మొదటిసారి విన్నప్పుడు ఆ ఓబో ఊపిరి ఎక్కడ తీసుకుంటుందా అని నేనే ఊపిరి బిగబట్టాను. దీని స్వరరచనకు కాపీరైట్ లేదు. ఇతరుల రికార్డింగు కాకుండా మీరే వాయించి పెట్టుకోండి.

ఆ రాత్రి ఫోను చేసిన నాన్నగారికి ఇదే చెప్పాను. ఆదివారం తండ్రీకూతుళ్ళు మా ఇంటికి వచ్చారు. ఓబో వరుసను అమ్మాయి వయొలిన్ మీద వాయించింది, కింది అలలు నేను వాయించాను. మొదటి స్వరం మూడుసార్లు వణికింది. నాలుగోసారి నిలిచింది. ఆయన దాన్నే ఫోనులో రికార్డు చేసుకుని, నాయనమ్మ వీడియోకు జతచేశారు.