పీడకలలు: తెల్లవారుజామున వచ్చినంత మాత్రాన నిజం కావు

పీడకలలు వస్తున్నాయంటూ మా ఓపీకి వచ్చేవాళ్ళు చాలా తక్కువ. నిద్ర పట్టడం లేదని వస్తారు, గుండెదడ అని వస్తారు, పొద్దున లేస్తూనే తలనొప్పి అని వస్తారు. కాసేపు మాట్లాడాక తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "డాక్టర్ గారూ, ఒక కల వస్తోందండీ" అని మొదలుపెడతారు. ఎన్నాళ్ళ నుంచి అంటే నెలలు. కొందరికైతే ఏళ్ళు. ఇంట్లో ఎవరికీ చెప్పి ఉండరు. చెడ్డ కల నోటితో చెబితే జరిగిపోతుందని భయం.

ఒక సైకియాట్రిస్టుగా నన్ను బాగా బాధపెట్టే విషయం ఇది. పీడకలలకు మంచి చికిత్స ఉంది. ఆ చికిత్స మొదలయ్యేదే కలను బయటికి చెప్పడంతో.

అపోహ: తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుంది

యాభై దాటిన ఒకావిడకు భర్తను లారీ గుద్దినట్టు కల వచ్చింది. ఉలిక్కిపడి లేచి గడియారం చూస్తే నాలుగున్నర. ఆ రోజు నుంచి ఆయన బండి తాళం చెవి దాచేశారు. ఎందుకు దాచావని ఆయన అరిస్తే ఏడ్చారే తప్ప కారణం చెప్పలేదు. మూడు వారాలు సరిగా నిద్రపోలేదు. బీపీ పెరిగి, ఫ్యామిలీ డాక్టర్ పంపితే మా దగ్గరికి వచ్చారు. ఆవిడను భయపెట్టింది కల కంటే ఎక్కువగా ఆ నాలుగున్నరే.

ఆ టైము సంగతి ఏమిటంటే, మన నిద్ర రాత్రంతా ఒకేలా సాగదు. సుమారు 90 నిమిషాలకు ఒక ఆవృత్తి చొప్పున రాత్రికి నాలుగైదు సార్లు తిరుగుతుంది. ప్రతి ఆవృత్తిలోనూ కనురెప్పల కింద కళ్ళు చకచకా కదిలే దశ ఒకటి ఉంటుంది. దాన్ని రెమ్ నిద్ర అంటాం. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ దీన్ని బయటపెట్టారు. కథలాగా సాగే కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. పడుకున్న తొలి గంటల్లో రెమ్ నిద్ర కొద్ది నిమిషాలే ఉంటుంది. గాఢనిద్రదే అప్పుడు పెద్ద వాటా. రాత్రి గడిచేకొద్దీ గాఢనిద్ర తగ్గి, రెమ్ పెరుగుతుంది. తెల్లవారుజామున వచ్చే విడత అరగంట, అంతకు మించి కూడా ఉండవచ్చు. అందుకే పొడుగాటి కలలు, రంగులతో, మాటలతో కళ్ళకు కట్టినట్టుండే కలలు ఆ వేళకే వస్తాయి. పైగా ఆ కలలోంచి నేరుగా మెలకువలోకి వస్తాం కాబట్టి గుర్తుంటాయి. మంచి కలలైనా చెడ్డ కలలైనా అంతే. మీకే కాదు, మీ వీధిలో అందరికీ ఆ వేళకే ఎక్కువ.

మరి కొన్ని నిజమయ్యాయి కదా అంటారు. మనం రోజూ దాదాపు రెండు గంటలు కలలు కంటాం. పొద్దున పళ్ళు తోముకునేలోపు చాలావరకు మరిచిపోతాం. పళ్ళు ఊడిపోయినట్టు కల వచ్చిన మర్నాడు ఏమీ జరగకపోతే దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ఎప్పుడో ఒకసారి దూరపు బంధువు పోయిన కబురు వస్తే మాత్రం ఆ కల ఇరవై ఏళ్ళు గుర్తుండిపోతుంది.

పెద్దవాళ్ళు స్వప్నశాస్త్రం అబద్ధమా అని అడిగినప్పుడు నేను చరకుడి మాటే చెబుతాను. చరక సంహిత ఇంద్రియస్థానంలో కలలు ఏడు రకాలని ఉంది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని సూచించేవి, ఒంట్లో దోషాల వల్ల వచ్చేవి. ఇందులో మొదటి ఐదింటికీ ఫలం ఉండదని వైద్యుడు చెప్పాలని అక్కడే రాసి ఉంది. టీవీలో యాక్సిడెంట్లు చూసి, భర్త రాత్రిళ్ళు హైవే మీద వస్తున్నాడని రోజూ దిగులుపడే మనిషికి లారీ కల వచ్చిందంటే అది ఆ ఐదింట్లోనే పడుతుంది. ఈ మాట విన్నాక ఆవిడ ముఖం తేటపడింది. నేను చెప్పిన రెమ్ నిద్ర కంటే చరకుడే ఎక్కువ పనిచేశాడు. నాకు కావలసింది ఆవిడ నిద్రపోవడమే.

అపోహ: పీడకలలు వస్తున్నాయంటే మతి చెడుతున్నట్టే

కాదు. ఎప్పుడో ఒకసారి పీడకల వచ్చిందని చెప్పే పెద్దలు సగానికి పైగానే ఉంటారు. వారానికి ఒకటైనా వచ్చేవాళ్ళు వందలో ఇద్దరి నుంచి ఆరుగురి దాకా ఉంటారని వేర్వేరు సర్వేలు చెబుతున్నాయి. పిల్లల్లో ఇంకా ఎక్కువ. ఆడవాళ్ళు మగవాళ్ళ కంటే ఎక్కువగా చెబుతారు.

రెమ్ నిద్రలో భయాన్ని పసిగట్టే మెదడు భాగం, అమిగ్డలా, చురుగ్గా ఉంటుంది. "ఇది నిజం కాదులే" అని సర్దిచెప్పాల్సిన ముందు భాగం నెమ్మదిస్తుంది. అందుకే మెలకువలో నవ్వొచ్చే విషయం కూడా కలలో ప్రాణం తీస్తుంది. టెన్షన్ పెరిగినా, నిద్ర తగ్గినా ఈ తూకం ఇంకా చెడుతుంది. రెండు రాత్రులు నిద్ర లేకపోతే తర్వాతి రాత్రుల్లో రెమ్ తన బాకీ వసూలు చేసుకుంటుంది. ఇంటర్ పరీక్షలప్పుడు, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ముందు పిల్లలకు పీడకలలు ఎక్కువ కావడానికి కారణం ఇదే. అర్ధరాత్రి దాకా చదివించి, నాలుగింటికే లేపే హాస్టళ్ళ గురించి నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆ నాలుగు నుంచి ఆరు మధ్యే మెదడు ఆ రోజు భయాలను అరిగించుకునే వేళ. ఉద్యోగాల్లో స్థిరపడి, పిల్లలున్నవాళ్ళకు కూడా హాల్‌టికెట్ పోయినట్టు, లెక్కల పేపర్ మరిచిపోయినట్టు కలలు వస్తూనే ఉంటాయి.

ఇదంతా మామూలు పీడకలల సంగతి. రోడ్డు ప్రమాదం నుంచి బతికి బయటపడ్డవాళ్ళకు, ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళకు, చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనవాళ్ళకు వచ్చే కలలు వేరు. జరిగిందే మళ్ళీ మళ్ళీ, దాదాపు అలాగే జరుగుతుంది. ఇలా ఘోరం జరిగాక మనసుకు తగిలిన గాయం మానకుండా వేధించే జబ్బును పీటీఎస్‌డీ అంటాం. అది ఉన్నవాళ్ళలో సగానికి పైగా ఈ బాధ పడతారు. "మరిచిపో, దేవుడి మీద భారం వెయ్యి" అనడం ఇక్కడ సాయం కాదు. వాళ్ళకు వైద్యం కావాలి.

అపోహ: దయ్యం గుండెల మీద కూర్చుంది

మెలకువ వచ్చింది, గది కనిపిస్తోంది, ఫ్యాను తిరుగుతోంది. కాలు చెయ్యి కదలదు. అరవబోతే గొంతు పెగలదు. ఎవరో నల్లగా మీద కూర్చుని నొక్కేస్తున్నారు. ఇది చెప్పేటప్పుడు చాలామంది చేతులు వణుకుతాయి.

రెమ్ నిద్రలో మెదడు ఒంటికి తాళం వేస్తుంది. కలలో పరిగెత్తినా మంచం మీద కాళ్ళు కదలకూడదని ఈ ఏర్పాటు. కళ్ళు, ఊపిరి తీసే కండరం తప్ప మిగతావన్నీ వదులైపోతాయి. ఒక్కోసారి మనసు ముందు లేస్తుంది, తాళం మాత్రం కొన్ని క్షణాలు, ఒకటి రెండు నిమిషాలు ఆలస్యంగా ఊడుతుంది. కల ముక్క ఇంకా కళ్ళముందే ఉంటుంది. ఆ నల్లటి ఆకారం అదే. దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటాం. జీవితంలో ఒకసారైనా ఇది అనుభవించేవాళ్ళు వందలో ఎనిమిది మంది దాకా ఉంటారు. వెల్లకిలా పడుకున్నప్పుడు, నిద్ర వేళలు తారుమారైనప్పుడు ఎక్కువ. హైదరాబాద్‌లో నైట్ షిఫ్టులు చేసే పిల్లల నుంచి నేను తరచూ వినేది ఇదే. దీనివల్ల ప్రాణం పోదు. ఆ సమయంలో లేవాలని పెనుగులాడకుండా, ఒక వేలు కదపడానికి ప్రయత్నించండి, ఊపిరి మీద ధ్యాస పెట్టండి.

దిండు కింద ఇనుప ముక్క, ఆంజనేయ దండకం వల్ల మీకు ధైర్యం వస్తుందంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. దండకం చదువుతుంటే ఊపిరి నెమ్మదిస్తుంది, మనసు కుదుటపడుతుంది. భూతవైద్యుడికి వేలు పోసి, ఆడపిల్లను కొట్టించి, ఆరు నెలల తర్వాత మా దగ్గరికి తీసుకురావడం దగ్గరే నా బాధంతా.

అపోహ: నిద్రలో తన్నడం, కొట్టడం వయసు మీదపడ్డ చాదస్తం

పైన చెప్పిన తాళం ఆలస్యంగా ఊడటం ఒక సమస్య. అసలు పడకపోవడం ఇంకో సమస్య. అప్పుడు మనిషి కలలో చేసేదల్లా మంచం మీద చేస్తాడు. దొంగను తంతున్నాననుకుని భార్యను తంతాడు. 1986లో అమెరికాలోని మిన్నెసోటాలో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ దీన్ని ఒక జబ్బుగా వివరించారు. యాభై దాటిన మగవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. వీళ్ళలో చాలామందికి ఏళ్ళ తర్వాత పార్కిన్సన్స్, లేదా దానికి చుట్టమైన మరో నరాల జబ్బు బయటపడుతుంది. కాబట్టి ఇంట్లో పెద్దాయన కొత్తగా ఇలా చేస్తుంటే సిగ్గుపడకుండా న్యూరాలజిస్టుకు చూపించండి. ఆయన కావాలని కొట్టడం లేదని పెద్దావిడకు అర్థమయ్యేలా చెప్పండి. మంచం పక్కన గాజు సామాను ఉంచకండి.

అపోహ: రాత్రిపూట కెవ్వుమని అరిచే పిల్లాడు దడుచుకున్నాడు, దిష్టి తీయాలి

నాలుగైదేళ్ళ పిల్లాడు పడుకున్న గంట, రెండు గంటలకే లేచి కూర్చుని కెవ్వున అరుస్తాడు. కళ్ళు తెరిచే ఉంటాయి, ఒళ్ళంతా చెమట, అమ్మ ఎత్తుకున్నా గుర్తుపట్టడు, తోసేస్తాడు. పది నిమిషాలకు తనే పడుకుంటాడు. పొద్దున అడిగితే ఏమీ తెలియదు. ఇది పీడకల కాదు. గాఢనిద్రలోంచి సగం మెలకువ రావడం. నైట్ టెర్రర్ అంటాం. జ్వరం, నిద్ర చాలకపోవడం దీన్ని రెచ్చగొడతాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్నప్పుడు ఉండి ఉండవచ్చు, నానమ్మనో అమ్మమ్మనో అడిగి చూడండి. పట్టుకుని కుదపకండి, ముఖాన నీళ్ళు కొట్టకండి. పడిపోకుండా చూసుకుంటూ పక్కనే ఉండండి. చాలామందికి పెద్దయ్యేకొద్దీ దానంతట అదే పోతుంది.

పీడకలైతే రాత్రి రెండో సగంలో వస్తుంది. పిల్లాడు పూర్తిగా మేలుకుంటాడు, అమ్మను కరుచుకుంటాడు, "పులి వచ్చింది" అని చెబుతాడు. వాడికి కావలసింది ఓదార్పు. మర్నాడు పగలు ఆ పులి బొమ్మ వేయించండి. దాన్ని ఏం చేద్దామో వాడినే అడగండి. తాడేసి కడతాడో, పెరుగన్నం పెడతాడో వాడి ఇష్టం.

అపోహ: ఒక పెగ్గు వేసి పడుకుంటే కలలు రావు

తొలి సగంలో నిజంగానే రావు, మందు రెమ్ నిద్రను అణిచేస్తుంది కాబట్టి. మందు దిగేకొద్దీ రెండో సగంలో అణిచిన రెమ్ అంతా పొంగుకొస్తుంది. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే కలలు మరీ భయంకరంగా ఉంటాయి. చాలామంది మళ్ళీ సీసా పట్టుకునేది ఆ భయంతోనే. మానేటప్పుడు డాక్టర్ అండ ఉండాలి.

అపోహ: వేసుకునే మాత్రలకూ కలలకూ సంబంధం లేదు

ఉంది. బీపీకి, మైగ్రేన్‌కు, చేతుల వణుకుకు ఇచ్చే ప్రోప్రనలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు, పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా కొందరికి పీడకలలు తెప్పిస్తాయి. ఆయాసానికి, తుమ్ములకు పిల్లలకు కూడా ధారాళంగా రాసే మాంటెలుకాస్ట్ మీద మానసిక దుష్ఫలితాల గురించి 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన అత్యంత గట్టి హెచ్చరిక వేయించింది. మాత్ర మొదలుపెట్టాక కలలు మొదలయ్యాయా అన్నది చూసుకోండి. సొంతంగా ఆపేయకండి, రాసిన డాక్టరుకు చెప్పండి. పెద్దగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టై లేచేవాళ్ళకు నీళ్ళలో మునుగుతున్నట్టు కలలు వస్తుంటే స్లీప్ యాప్నియా పరీక్ష చేయించాలి. కడుపునిండా తిని వెంటనే పడుకోవడం వల్ల నిద్ర చెదిరి కలలు ఎక్కువ గుర్తుండవచ్చు, అంతకు మించి వంకాయ కూర తప్పేమీ లేదు.

అపోహ: చెడ్డ కల చెబితే నిజమవుతుంది

మొదట్లో చెప్పింది ఇదే. ఇప్పుడు చికిత్స సంగతి. కలను కాగితం మీద రాయాలి. అందులో మీకు నచ్చినచోట మార్చాలి. ముగింపే మార్చక్కర్లేదు, ఏదైనా సరే. తర్వాత ఆ కొత్త కథను పగలు, మెలకువలో, రోజూ పది ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని సినిమాలా నడిపించుకోవాలి. దీన్ని ఇమేజరీ రిహార్సల్ థెరపీ అంటాం. 2001లో బారీ క్రాకో బృందం లైంగిక దాడికి గురైన 168 మంది మహిళలతో చేసిన అధ్యయనంలో మూడు సెషన్ల చికిత్స పొందినవాళ్ళకు పీడకలలు బాగా తగ్గాయి. ముందుగా చిన్న కలతో మొదలుపెట్టాలి. జరిగిన ఘోరమే కలగా వచ్చేవాళ్ళు మాత్రం ఇంట్లో ఒంటరిగా చేయవద్దు, కౌన్సెలర్ పక్కన ఉండాలి.

లారీ కల వచ్చిన ఆవిడ తన కథలో రోడ్డు మీద రైల్వే గేటు పెట్టుకున్నారు. గేటు పడుతుంది, లారీ ఆగుతుంది, ఆయన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటారు. రెండు వారాలు అలాగే నడిపించుకున్నారు. తాళం చెవి ఇచ్చేశారు.

తరచూ పీడకలలు వచ్చేవాళ్ళలో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువని చాలా అధ్యయనాలు చూపించాయి. అలాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పగలైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

వారానికి ఒకటి కంటే ఎక్కువ వస్తున్నా, నిద్రపోవాలంటేనే భయం వేస్తున్నా డాక్టరును కలవండి. వచ్చేముందు రెండు వారాల పాటు ఒక నోట్‌బుక్‌లో రాసి తెచ్చుకోండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి మెలకువ వచ్చింది, కల గుర్తుందా లేదా, ఆ రోజు మందు తాగారా. పక్కన పడుకునేవాళ్ళను కూడా వెంట తీసుకురండి, మీ గురక సంగతి వాళ్ళకే తెలుస్తుంది. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని రండి.