ఇండోనేషియా తీరపల్లెలో స్థలం, ఇల్లు, రాకపోకలు: అపోహలు - వాస్తవాలు

జావా దక్షిణ తీరాన పంగండరాన్ దగ్గరి బతుకరాస్ లాంటి చేపల పల్లెలోనో, లాంబోక్ దీవిలోనో సముద్రం ఎదుట స్థలం చూడగానే అందరూ ముందు ధర అడుగుతారు. ముందు అడగాల్సింది ఆ స్థలానికి ఉన్న కాగితం ఏ రకందని. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉండాలనుకునేవారు ఎక్కువగా పొరబడే విషయాలివి.

అపోహ: నమ్మకమైన ఊరి మనిషి పేరు మీద కొని, పక్కన ఒప్పందం రాయించుకుంటే భూమి మనదే.

వాస్తవం: ఇది అచ్చంగా బినామీ. హక్ మిలిక్, అంటే గడువు లేని సొంత హక్కు, ఇండోనేషియా పౌరులకే దక్కుతుందని 1960 నాటి 5వ నంబరు భూచట్టం 21వ సెక్షన్‌లో ఉంది. విదేశీయుడికి నేరుగా గానీ చాటుగా గానీ ఆ హక్కు అప్పగించే లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వపరం అవుతుంది, అమ్మినవాడికి ముట్టిన డబ్బు వెనక్కి అడగడానికి వీల్లేదు అని 26వ సెక్షన్ చెబుతోంది. అయినా దళారులు ఒక కాగితాల కట్ట తయారుచేసి ఇస్తారు: అప్పు పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ, పాతికేళ్ల లీజు, వీలునామా. విడివిడిగా చూస్తే ఒక్కోటీ సక్రమంగానే కనబడుతుంది. నాలుగూ కలిపి చదివిన జడ్జికి మాత్రం చాటు బదిలీ కళ్లకు కడుతుంది. కోర్టు దాకా పోకుండానే చిక్కులు రావచ్చు. కాగితంలో పేరున్న ఆ ఊరి మనిషి చనిపోతే వారసులకు మీ ఒప్పందంతో పనిలేదు. అతను విడాకులు తీసుకుంటే ఆ భూమి దంపతుల ఉమ్మడి ఆస్తి లెక్కలోకి పోతుంది.

సక్రమమైన దారులు మూడు. మొదటిది లీజు, అంటే హక్ సెవా. రెండోది హక్ పకాయ్, నివాస ఇంటికి వాడుక హక్కు. ప్రభుత్వ భూమి మీదైతే 30 ఏళ్లు, పొడిగింపు 20, పునరుద్ధరణ మరో 30. విదేశీయుడికి ఇల్లు ఇలా దక్కాలంటే ఆ రాష్ట్రానికి నిర్ణయించిన కనీస ధరకు తగ్గకూడదు. మామూలుగా ఒకటే స్థలం, 2,000 చదరపు మీటర్లు దాటకూడదు. పల్లెల్లో చిన్న ఇళ్లు ఈ ధర దగ్గరే ఆగిపోతాయి. మూడోది విదేశీ పెట్టుబడి కంపెనీ పేరున కట్టడపు హక్కు, హక్ గునా బంగునాన్. భూమి, భవనం విలువ కలపకుండానే పెట్టుబడి 1,000 కోట్ల రుపియాలు దాటాలి. ఒక ఇంటి కోసం అంత పెట్టడం దండగ.

అపోహ: భార్యో భర్తో ఇండోనేషియా పౌరులైతే ఏ ఇబ్బందీ లేదు.

వాస్తవం: ఆస్తులు వేరు అన్న ఒప్పందం లేకపోతే, పెళ్లయ్యాక కొన్నది ఇద్దరిదీ అవుతుంది. అంటే విదేశీయుడికీ వాటా పడుతుంది, ఏడాదిలోగా ఆ హక్కు వదులుకోవాల్సి వస్తుంది. ఇదివరకు ఈ ఒప్పందం పెళ్లికి ముందే చేసుకోవాలి. 2016లో రాజ్యాంగ కోర్టు తీర్పు వచ్చాక పెళ్లి తర్వాత కూడా నోటరీ దగ్గర రాయించి నమోదు చేయించుకోవచ్చు. భూమి కొనే రోజుకు అది చేతిలో ఉండాలి.

అపోహ: ఊరి పెద్ద సంతకం, 10,000 రుపియాల స్టాంపు, పన్ను రసీదు ఉంటే చాలు.

వాస్తవం: తెలంగాణలో సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితపు అమ్మకం, తెలిసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. గిరిక్, లెటర్ సీ అనేవి పన్ను కట్టిన ఆనవాళ్లే గానీ పట్టాలు కావు. 2021 నాటి 18వ నంబరు ప్రభుత్వ నిబంధన ఈ పాత కాగితాలకు 5 ఏళ్ల గడువు పెట్టింది, అది 2026 ఫిబ్రవరితో తీరింది. ఇప్పుడు చూడాల్సింది బీపీఎన్, అంటే అక్కడి భూమి కార్యాలయం, ఇచ్చిన సర్టిఫికెట్టే.

లీజుకైనా వరస ఇదే. పీపీఏటీ అనే భూదస్తావేజుల అధికారి ద్వారా బీపీఎన్‌లో సర్టిఫికెట్ తనిఖీ చేయించాలి. తాకట్టు ఉంటే అక్కడ బయటపడుతుంది. బ్యాంకు అప్పు తీరకుండా ఆ స్థలం లీజుకు తీసుకోవద్దు. సర్టిఫికెట్‌లో పేరున్నవారు చనిపోయి ఉంటే ముందు వారసుల పేరుకు మార్పించి, అందరి సంతకాలూ తీసుకోవాలి. జకార్తాలో పనిచేసే ఒక్క అన్న సంతకం వదిలేసినా తర్వాత అతనే తలుపు తడతాడు. భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి. సరిహద్దు రాళ్ల దగ్గర పక్క స్థలాల వాళ్లను నిలబెట్టి కొలిపించాలి. ఇవన్నీ అయ్యాక నోటరీ దస్తావేజు. పొడిగింపు ధర ఎలా లెక్కగడతారో అందులో సూత్రంగా రాయించండి. "అప్పటి మార్కెట్ ధర" అని వదిలేస్తే ఇల్లు కట్టుకున్న మీకు బేరమాడే బలం ఉండదు. యజమాని స్థలం అమ్మేసినంత మాత్రాన లీజు రద్దు కాదని అక్కడి సివిల్ కోడ్ 1576వ సెక్షన్ చెబుతోంది. అద్దె మీద 10 శాతం ఆదాయపన్ను యజమాని బాధ్యత, అది ఎవరు కడతారో రాతలో ఉండాలి. అదే పౌరుల మధ్య అమ్మకమైతే అమ్మేవారికి 2.5 శాతం, కొనేవారికి మినహాయింపు పోను 5 శాతం పన్ను.

అపోహ: కొలత ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: బాలి, లాంబోక్‌లో ధర "అరె" లెక్కన చెబుతారు: 100 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 119.6 గజాలు, రెండున్నర సెంట్లకు కాస్త తక్కువ. పశ్చిమ జావాలో తుంబక్, సుమారు 14 చదరపు మీటర్లు.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే నీటి అంచు దాకా కట్టుకోవచ్చు.

వాస్తవం: పెద్ద పోటు గీత నుంచి లోపలికి కనీసం 100 మీటర్లు తీర రక్షణ పట్టీ. ఆంధ్ర తీరంలో సీఆర్‌జెడ్, అంటే తీర నియంత్రణ నిబంధనలు, చూసినవారికి ఇది కొత్త కాదు. వరిపొలంగా రక్షణ జాబితాలో ఉన్న భూమిలోనూ ఇల్లు కుదరదు. లీజు డబ్బు కట్టకముందే జిల్లా కార్యాలయంలో జోనింగ్, అంటే ఆ స్థలంలో ఏం కట్టనిస్తారో, చూసుకోవాలి.

కట్టేటప్పుడు బీచ్ ఇసుక ఊరికే దొరుకుతుందని కాంక్రీటులో కలపనివ్వొద్దు. అందులోని ఉప్పు కడ్డీని తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి స్లాబు పెచ్చులూడుతుంది. కడ్డీకీ కాంక్రీటు అంచుకీ మధ్య ఎడం ఉంచే కవర్ బ్లాకులు 40 నుంచి 50 మిల్లీమీటర్లవి పెట్టించండి. బయటి స్క్రూలు, గొళ్లాలు 304 కన్నా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువైతే ఎక్కువకాలం నిలుస్తాయి.

అపోహ: కరెంటు ఉందంటే అన్నీ నడుస్తాయి.

వాస్తవం: పల్లె ఇళ్లలో కనెక్షన్ తరచూ 900 వీఏ, అంటే 4 ఆంపియర్లే. 750 వాట్ల మిక్సీ తిరుగుతుండగా నీళ్ల మోటారు ఆన్ అయితే మీటరు దగ్గర బ్రేకర్ పడిపోతుంది. ఏసీ, మోటారు కలిపి వాడాలంటే కనీసం 2,200 వీఏకు పెంచమని పీఎల్‌ఎన్‌కు, అంటే అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థకు, దరఖాస్తు పెట్టాలి. ప్రీపెయిడ్ మీటరుకు కిరాణా కొట్లోనే టోకెన్ దొరుకుతుంది: 20 అంకెలు నొక్కాలి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో పట్టదు. 3 కిలోల ఆకుపచ్చ గ్యాస్ సిలిండర్ పేద కుటుంబాల సబ్సిడీది, 5.5 లేదా 12 కిలోలది తీసుకోండి.

అపోహ: వీసా ఆన్ అరైవల్ 30 రోజులంటే దిగిన మర్నాటి నుంచి లెక్క.

వాస్తవం: దిగిన రోజే ఒకటో రోజు. రుసుము 5 లక్షల రుపియాలు, ఒక్కసారి మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు. గడువు దాటితే రోజుకు 10 లక్షల రుపియాల జరిమానా. పల్లె నుంచి ఇమిగ్రేషన్ ఆఫీసు దూరం కాబట్టి పొడిగింపు పని రెండు వారాల ముందే మొదలుపెట్టండి. ఎవరి ఇంట్లోనైనా దిగితే 24 గంటల్లో ఆర్‌టీ, అంటే వీధి పెద్దకు చెప్పాలి. పాస్‌పోర్టు నకలు పట్టుకెళ్లి పలకరించండి, రేపు ఏ సంతకానికైనా ముందు అతని దగ్గరికే వెళ్తారు.

అపోహ: గట్టిగా కుదిపితేనే సునామీ వస్తుంది.

వాస్తవం: ఇది ప్రాణం తీసే అపోహ. 2006 జూలై 17న పంగండరాన్ తీరానికి ఎదురుగా 7.7 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఒడ్డున కుదుపు స్వల్పంగానే తెలిసింది. తర్వాత వచ్చిన అల 600 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2018 డిసెంబరు 22న సుండా జలసంధిలో అనక్ క్రకటోవా అగ్నిపర్వతం ఒక పక్క కూలి సునామీ వచ్చింది, ముందు హెచ్చరించే పెద్ద భూకంపమే లేదు. అక్కడ నేర్పే లెక్క మూడు ఇరవైలు: కుదుపు మెల్లగానైనా 20 సెకన్లు సాగితే, 20 నిమిషాల్లో, 20 మీటర్ల ఎత్తుకు. సైరన్ కోసం ఆగొద్దు, ఫోన్ కోసం వెనక్కి రావొద్దు. లీజుకు ఇల్లు చూసిన రోజే ఆ ఎత్తుకు నడిచి, ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోండి. పిల్లలతో ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. 20 నిమిషాలు దాటితే మరో ఇల్లు వెతకండి.