ఐదు పట్టీల లాకెట్టు

చిరంజీవులైన పిల్లలకు మీ అమ్మమ్మ ఆశీస్సులు.

వేసవి సెలవులకు విశాఖపట్నం వచ్చినప్పుడు నా మెడలోని నీలి లాకెట్టును పట్టుకుని, "ఇది నిజం గవ్వేనా అమ్మమ్మా?" అని అడిగారు. అది గవ్వ కాదు, కాల్చిన మట్టి. దాన్ని ఎలా చేశానో ఆనాడు వివరంగా చెప్పలేకపోయాను కనుక ఇప్పుడు రాస్తున్నాను.

దానికి మూలం యారాడ రాళ్ళ దగ్గర నాకు దొరికిన ఖాళీ సీ అర్చిన్ గుల్ల. బతికున్నప్పుడు ఆ జీవికి ఒళ్ళంతా ముళ్ళుంటాయి. చనిపోయాక అవి రాలిపోయి నిమ్మకాయంత గుల్ల మిగులుతుంది. దాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే సూదిమొనంత రంధ్రాలు పైనుంచి కిందికి ఐదు పట్టీలుగా కనిపిస్తాయి. ఆ జీవి తన మెత్తని గొట్టపు కాళ్ళను వాటిగుండానే బయటికి చాచేది. పైనున్న చిన్న చిన్న బొడిపెలు ముళ్ళు నిలిచిన చోట్లు. సముద్ర నక్షత్రానికి సాధారణంగా ఐదు చేతులుంటాయని మీరు చదివే ఉంటారు. అదీ ఇదీ కంటకచర్ములనే ఒకే వర్గానికి చెందినవి. అందుకే ఆరు పట్టీలతో చేసిన లాకెట్టు ఎంత అందంగా ఉన్నా నా కంటికి తప్పుగానే తోస్తుంది.

తెల్లని మట్టిని గాలి బుడగలు లేకుండా పిసికి, అప్పడాల కర్రతో ఒత్తి, గుండ్రంగా కోసి, కొద్దిగా ఉబ్బెత్తుగా వంచుతాను. వేలితో నొక్కితే గుంట పడనంతగా అది గట్టిపడ్డాక ఆ గుల్ల మీదిలాగే ఐదు పట్టీలుగా సూదితో గుంట చుక్కలు పెట్టి, దారానికి కన్నం పొడుస్తాను. ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కలిపి ఈ మట్టి సుమారు 12 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి 34 మిల్లీమీటర్ల బిళ్ళ చివరికి 30 మిల్లీమీటర్లకు వస్తుంది. కన్నమూ అదే లెక్కన తగ్గుతుంది గనుక దాన్ని ముందే పెద్దదిగా పెట్టాలి.

ఒకసారి ముసురు రోజుల్లో, పూర్తిగా ఆరాయనుకుని పదకొండు బిళ్ళలను బట్టీలో పెట్టాను. లోపలి తడి ఆవిరై, బయటికి దారి లేక వాటిని పగలగొట్టింది. అప్పటినుంచి బిళ్ళను చెంపకు ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్లే.

సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదటిసారి కాలిన మట్టి నీటిలో కరగదు గాని నీటిని పీల్చుకుంటుంది, కనుక గ్లేజు, అంటే కాలిస్తే గాజులా మారే పూత, దానికి చక్కగా అంటుకుంటుంది. కోబాల్ట్ కార్బొనేట్ కలిపిన నా గ్లేజు పచ్చిగా ఉన్నప్పుడు లేత వంగపండు రంగులో ఉంటుంది. 1220 డిగ్రీల దగ్గర అది కరిగి గాజుగా మారి, బొడిపెల మీదినుంచి జారి గుంటల్లోకి చేరుతుంది. అందుకే చుక్కలు ముదురు నీలంగా, అంచులు తెల్లగా వస్తాయి. కరిగిన గాజు దేన్ని తాకినా అతుక్కుంటుంది కాబట్టి పూసలనైతే వేడికి తట్టుకునే నైక్రోమ్ తీగకు గుచ్చి వేలాడదీస్తాను.

నిజమైన పగడాలతోనో సముద్రపు గుర్రాలతోనో ఎందుకు చేయవని మీలో ఒకరు అడిగారు. మన దేశంలో పగడపు దిబ్బలు కట్టే జీవులను, సముద్రపు గుర్రాలను, కొన్ని జాతుల గవ్వలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. చట్టం లేకపోయినా, నగ కోసం ఒక ప్రాణిని తీయడం నాకు ఇష్టం ఉండేది కాదు.

సంక్రాంతికి మీరు వస్తారని ఒకసారి కాల్చిన బిళ్ళలు నాలుగు అట్టపెట్టెలో దాచి ఉంచాను. వాటికి గ్లేజు మీరే పూయాలి.

మీ అమ్మమ్మ