ఎమ్మారై ఫిల్మూ, ఓపీ చీటీ

1981 మార్చి 30న వాషింగ్టన్‌లోని హిల్టన్ హోటల్ బయట ఒక పాతికేళ్ళ కుర్రాడు రెండు సెకన్లు కూడా పట్టకుండా ఆరు తూటాలు పేల్చాడు. అమెరికా అధ్యక్షుడు రీగన్ ఛాతీలోకి ఒక గుండు దిగింది. ఆయన ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రాడీకి తలలో తగిలింది. ఒక పోలీసు, ఒక సీక్రెట్ సర్వీస్ ఏజెంటు కూడా గాయపడ్డారు. కాల్చినవాడు జాన్ హింక్లీ. ముఖపరిచయం కూడా లేని ఒక సినిమా నటి దృష్టిలో పడాలని ఈ పని చేశాడు. అంతా టీవీ కెమెరాల ముందే జరిగింది కాబట్టి ఎవరు కాల్చారన్న అనుమానమే లేదు. ఏడాది తిరిగి విచారణ మొదలయ్యేసరికి గొడవంతా అతని తలకాయలో ఏముందన్న దాని మీదకి మళ్ళింది.

డిఫెన్స్ లాయర్లు సీటీ స్కాన్ ఫిల్ములు పట్టుకొచ్చారు. అతని మెదడు పైపొరలో ముడతల మధ్య సందులు మామూలు కంటే వెడల్పుగా ఉన్నాయన్నారు. జడ్జి బారింగ్టన్ పార్కర్ మొదట ఇవి కుదరవన్నారు, తర్వాత మనసు మార్చుకుని అనుమతించారు. సాక్ష్యం చెప్పిన డేవిడ్ బేర్ అనే సైకియాట్రిస్ట్ ఒక అధ్యయనం గురించి చెప్పారు. స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినపడటం, భ్రమలు కలగడం లాంటి లక్షణాలుండే తీవ్రమైన మానసిక జబ్బు) ఉన్నవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి ఇలాంటి సందులు కనిపించాయట. మామూలు వాళ్ళలో యాభై మందిలో ఒకరికి కూడా ఉండవట. ప్రభుత్వం తరఫు నిపుణులేమో అవే ఫిల్ములు చూసి ఇందులో తేడా ఏమీ లేదన్నారు.

బేర్ చెప్పిన అంకెలు వింటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? సందులున్నాయంటే జబ్బున్నట్టే అనిపిస్తుంది. కాస్త కాగితం, పెన్సిలు తీసుకుందాం. పదివేల మంది జనం ఉన్నారనుకోండి. స్కిజోఫ్రెనియా లెక్క సులువుగా ఉండటానికి నూటికి ఒకరు, అంటే వందమంది. వాళ్ళలో మూడో వంతుకి సందులు వెడల్పు: 33 మంది. మిగిలిన 9,900 మంది మామూలు వాళ్ళలో యాభైకి ఒకరి చొప్పున 198 మంది. మొత్తం వెడల్పు సందుల వాళ్ళు 231. అందులో జబ్బున్నవాళ్ళు 33. అంటే ఆ ఫిల్ము ఒక్కటే చూసి చెప్పాల్సొస్తే ఏడుగురిలో ఒకరికే జబ్బు. హింక్లీకి మతి చలించిందని చెప్పడానికి వేరే ఆధారాలు చాలానే ఉండొచ్చు. ఈ ఫొటో మాత్రం జనం అనుకున్నంత గట్టి సాక్షి కాదు.

న్యూరోసైన్స్, చట్టం కలిపి పాఠం చెప్పే ఫోరెన్సిక్ సైకియాట్రిస్ట్ మొదటి రోజు బోర్డు మీద వేయాల్సిన లెక్క, నన్నడిగితే, ఇదే. మెదడు ఏం చేస్తుందో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. మెదడు ఫొటో ఏం చెప్పలేదో కూర్చోబెట్టి నేర్పేవాళ్ళు తక్కువ.

ఇంతకీ వీళ్ళెవరు? ఫోరెన్సిక్ అనగానే మనకి క్లూస్ టీమ్, వేలిముద్రలు, మార్చురీ గుర్తొస్తాయి. ఫోరెన్సిక్ సైకియాట్రిస్ట్ చూసేది బతికున్న మనుషుల్నే. డాక్టరు చదువు, ఆపైన సైకియాట్రీ, ఆపైన కోర్టు వ్యవహారాల్లో ప్రత్యేక శిక్షణ. అమెరికాలో ఆ చివరిది ఏడాది ఫెలోషిప్. మన దగ్గర బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఈ స్పెషాలిటీకి డీఎం (పీజీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ) కోర్సు ఉంది. కోర్టు అడిగే ప్రశ్నలు చూడ్డానికి చిన్నవే. ఈ ముద్దాయికి తన మీద నడుస్తున్న కేసేంటో అర్థమవుతోందా? నేరం జరిగిన క్షణంలో ఏం చేస్తున్నాడో తెలిసి చేశాడా? వదిలేస్తే మళ్ళీ ఎవరి మీదైనా పడతాడా? ఈ ముసలాయన వీలునామా రాసిన రోజున స్పృహలో ఉండే రాశారా? జవాబు పది పేజీలైనా వంద పేజీలైనా సాక్ష్యం చెప్పేచోట నిలబడి క్రాస్ ఎగ్జామినేషన్‌లో సమర్థించుకోవాల్సిందే.

ఈ ఉద్యోగం మామూలు డాక్టరుగిరీకి ఎంత దూరమో తెలియాలంటే పరీక్ష గదిలో చెప్పే మొదటి మాట వినాలి. ఎదురుగా ముద్దాయి కూర్చుంటాడు. తెల్లకోటు కనపడకపోయినా డాక్టరని తెలుసు. డాక్టరంటే మన మంచి కోరేవాడని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న నమ్మకం. అందుకే ఈయన ముందే చెప్పేయాలి: "నేను డాక్టర్నే కానీ నీకు వైద్యం చెయ్యడానికి రాలేదు. నువ్వు నాతో చెప్పింది రహస్యంగా ఉండదు. రిపోర్టులో రాస్తాను, కోర్టులో చెప్తాను. ఇష్టం లేని ప్రశ్నకి జవాబు చెప్పకపోయినా ఫర్వాలేదు." ఇది ఒక్కసారి చెప్పి ఊరుకుంటే చాలదు. గంట మాట్లాడాక ఎదుటి మనిషి మర్చిపోతాడు, "మీతో చెప్పుకుంటే గుండె బరువు తగ్గింది సార్" అంటాడు. అప్పుడు మళ్ళీ గుర్తుచేయాలి. రోగి కన్నీళ్ళు పెట్టుకుంటుంటే "ఇది కోర్టుకి వెళ్తుంది" అనడం ఎంత ఇబ్బందో ఆలోచించండి.

ఈ ఇబ్బంది మీద పెద్ద చర్చే జరిగింది. హింక్లీ తీర్పు వచ్చిన 1982లోనే హార్వర్డ్‌లో చట్టం, సైకియాట్రీ బోధించే ఆలన్ స్టోన్ ఫోరెన్సిక్ సైకియాట్రిస్టుల సభకే వెళ్ళి, అసలు సైకియాట్రిస్టులకి కోర్టులో ఏం పని అని నిలదీశారు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. రోగి మీద జాలితో న్యాయాన్ని వంచుతారు, లేదా న్యాయం కోసం రోగిని మోసం చేస్తారు, రెండూ తప్పే. దీనికి జవాబు వెతికినవాళ్ళలో ముఖ్యులు పాల్ ఆపెల్‌బామ్. 1996లో అదే వృత్తి సంఘానికి అధ్యక్షుడి హోదాలో మాట్లాడుతూ, కోర్టు కోసం పనిచేసే సైకియాట్రిస్ట్‌ని వైద్యుడి నీతితో కొలవకూడదన్నారు. అతనికి వేరే నీతి ఉంది: నిజం చెప్పడం, ఎదుటి మనిషిని మనిషిగా గౌరవించడం. నిజం చెప్పడంలో రెండు భాగాలున్నాయి. తను నమ్మింది చెప్పడం ఒకటి, తన శాస్త్రం ఎక్కడ ఆగిపోతుందో ఒప్పుకోవడం రెండోది. పైన చెప్పిన పరీక్ష గది మాట ఆ గౌరవంలో భాగమే. నాకు స్టోన్ ప్రశ్న ఇంకా పూర్తిగా తీరలేదనిపిస్తుంది. అయితే రోజూ పని చేసుకోవాల్సినవాడికి ఆపెల్‌బామ్ జవాబే పనికొస్తుంది.

ఆపెల్‌బామ్ వృత్తి జీవితం ఈ రంగం ఎంత విశాలమో చూపిస్తుంది. హార్వర్డ్‌లో వైద్యం చదివి, పిట్స్‌బర్గ్‌లో, మసాచుసెట్స్‌లో పనిచేసి, కొలంబియా యూనివర్సిటీలో సైకియాట్రీ, మెడిసిన్, చట్టం మూడింటికీ కలిపి ప్రొఫెసర్ అయ్యారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్‌కి అధ్యక్షుడిగా చేశారు. 1982లోనే సహచరులతో కలిసి ఒక సంగతి పట్టుకున్నారు. మందుల ప్రయోగాల్లో చేరిన రోగులకి, ఎవరికి ఏ మందో చీట్లు తీసినట్టు నిర్ణయిస్తామని ముందే చెప్పినా, చాలామంది మా డాక్టరు మాకు ఏది మంచిదో చూసే ఇచ్చారని నమ్ముతున్నారు. డాక్టరు మీద పెట్టుకున్న ఆ నమ్మకమే ఇక్కడా అడ్డొచ్చింది.

మానసిక రోగులంతా ప్రమాదకరమా అన్న పెద్ద పరిశోధనలోనూ ఆయన పాలుపంచుకున్నారు. 1998లో ఫలితాలు వచ్చాయి. ఆస్పత్రి నుంచి ఇంటికెళ్ళిన 1,136 మందిని ఏడాది పాటు గమనిస్తూ వచ్చారు. తాగుడు, మత్తుమందుల అలవాటు లేని రోగులు తమ వీధిలో ఉండే మిగతా జనం కంటే ఎక్కువ హింసకేమీ దిగలేదు. హైదరాబాద్‌లో "ఎర్రగడ్డకి పంపాలి" అని ఎవరినైనా ఆటపట్టించేవాళ్ళకి ఈ ఫలితం చెప్పి చూడాలని నాకు ఎప్పుడూ ఉంటుంది.

మళ్ళీ మెదడు ఫొటోల దగ్గరికి. ఇప్పుడు సీటీ పాతబడి ఫంక్షనల్ ఎమ్మారై వచ్చింది. ఆలోచిస్తుంటే మెదడులో ఎక్కడ రక్తప్రవాహం పెరిగిందో రంగుల చుక్కలుగా చూపిస్తుంది. ఆ చుక్కలు లెక్క కట్టి వేసినవి, కెమెరా తీసినట్టు తీసినవి కావు. 2009లో అమెరికా పరిశోధకులు కొందరు ఒక చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టారు. మనుషుల ఫొటోలు చూపించి, వీళ్ళు ఏ భావంలో ఉన్నారో చెప్పమని చేపని అడిగారు. లెక్కల్లో చెయ్యాల్సిన దిద్దుబాటు చెయ్యకపోతే చేప మెదడులో కూడా చుక్కలు వెలిగాయి. దిద్దుబాటు చేశాక చేప మళ్ళీ చచ్చిపోయింది. వేలకొద్దీ చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట యాదృచ్ఛికంగా వెలుగు కనపడుతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. 2012లో దీనికి, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు.

జడ్జీలకి ఈ పాఠం అవసరమా? అదే ఏడాది 181 మంది అమెరికా జడ్జీలకి పరిశోధకులు ఒక కల్పిత కేసు ఇచ్చారు. ముద్దాయి సైకోపాత్ (జాలి, పశ్చాత్తాపం లేని మనిషి) అని అందరికీ చెప్పారు. సగంమందికి మాత్రం దానికి మెదడులో, జన్యువుల్లో కారణం ఉందని అదనంగా వివరించారు. ఆ వివరణ లేనివాళ్ళు సగటున 13.93 ఏళ్ళ శిక్ష వేశారు, ఉన్నవాళ్ళు 12.83 ఏళ్ళు. ఏడాదే కదా అనిపించొచ్చు, జైల్లో ఉండేవాడికి తప్ప. ఇంకో కోర్టులో ఇదే వివరణ ఎదురు తిరగొచ్చు: మెదడే అలా ఉంటే ఇతను మారడు కాబట్టి ఎక్కువ కాలం లోపలే ఉంచండి అని పీపీ (ప్రభుత్వ లాయరు) వాదించొచ్చు. కత్తికి రెండు వైపులా పదునుంది.

హింక్లీని జ్యూరీ 1982 జూన్ 21న నిర్దోషి అంది, మతి చలించిన కారణంగా. జనం మండిపడ్డారు. 1984లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) చట్టం మార్చి, మతి సరిగా లేదని నిరూపించుకునే భారం ముద్దాయి మీదే పెట్టింది. హింక్లీ మాత్రం ఇంటికి పోలేదు, సెయింట్ ఎలిజబెత్స్ మానసిక ఆస్పత్రికి వెళ్ళి 2016 దాకా అక్కడే ఉన్నాడు. పూర్తి స్వేచ్ఛ 2022లో వచ్చింది.

మన చట్టం ఈ విషయంలో 1843 నాటి ఇంగ్లండు కేసుకి వారసురాలు. డేనియల్ మెక్‌నాటన్ అనే అతను ప్రధాని రాబర్ట్ పీల్ అనుకుని ఆయన కార్యదర్శిని కాల్చి చంపాడు. ఆ తీర్పు మీద రేగిన దుమారంలో జడ్జీలు రాసిచ్చిన సూత్రమే మన ఐపీసీ 84వ సెక్షన్‌గా వచ్చింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షన్. చేస్తున్న పనేమిటో తెలియని స్థితి, లేదా అది తప్పనిగానీ చట్ట విరుద్ధమనిగానీ తెలియని స్థితి ఉండాలి. "తప్పని తెలుసు కానీ ఆపుకోలేకపోయాను" అంటే సరిపోదు. వెర్రి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట అని సామెత. పిచ్చంటే అంత బాహాటంగా కనపడాలని మన అంచనా. స్కిజోఫ్రెనియా ఉన్న మనిషి బస్సెక్కి, టికెట్ తీసుకుని, చిల్లర లెక్కపెట్టుకుని వెళ్ళి కూడా భ్రమలో ఒకరిని పొడవగలడు. ఆ చిల్లర లెక్కపెట్టడాన్నే కోర్టులో మతి బాగుందనడానికి రుజువుగా చూపిస్తారు.

మెదడు యంత్రాల మీద మోజు మనకీ తక్కువేం లేదు. 2008లో పుణె కోర్టు ఒక హత్య కేసులో నేరం జ్ఞాపకం మెదడులో ఉందని చెప్పే ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలు కొలిచే) తరహా పరీక్షని కూడా లెక్కలోకి తీసుకుని యావజ్జీవ శిక్ష వేసింది. ప్రపంచవ్యాప్తంగా న్యూరోసైంటిస్టులు ముక్కున వేలేసుకున్నారు. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా నార్కో (మత్తుమందిచ్చి ప్రశ్నించడం), పాలీగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం), బ్రెయిన్ మ్యాపింగ్ చెయ్యడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అయినా పెద్ద కేసు ఏదొచ్చినా మన టీవీ చర్చల్లో "నార్కో చేయించాలి" అనే మాట ఆగలేదు.

అసలు చిక్కు కాలం. స్కాన్ తీసేది అరెస్టయిన వారాలకో, నెలలకో. కోర్టుకి కావాల్సింది ఆ రాత్రి ఆ పది నిమిషాలు. నేరం జరిగిన సమయంలో మతి ఎలా ఉందన్నదే ముఖ్యమని, అది తేల్చడానికి ముందూ వెనకా అతని ప్రవర్తన చూడాలని సుప్రీంకోర్టు 1964లోనే చెప్పింది. ఆ ముందూ వెనకా ఏ స్కానర్‌లోనూ ఉండదు. అందుకే డాక్టరు ముద్దాయి తల్లిని కూర్చోబెట్టి అడుగుతాడు. ఎప్పటి నుంచి నిద్రపోవడం లేదమ్మా? ఎవరితో మాట్లాడుతున్నట్టు గొణుక్కునేవాడా? అన్నంలో విషం కలిపారన్నాడా? ఆ రోజు స్నానం చేశాడా? పని అయ్యాక పారిపోయాడా, అక్కడే కూర్చున్నాడా? కత్తి కడిగాడా?

ఆమె ముందు భూతవైద్యుడి పేరు చెప్తుంది, తర్వాత దర్గా పేరు చెప్తుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళారా అంటే ఒకసారి వెళ్ళామంటుంది. కాగితం ఉందా అంటే బియ్యం డబ్బా వెనక వెతికి ఒక ప్లాస్టిక్ కవరు తెస్తుంది. లోపల రేషన్ కార్డు జిరాక్సు, కరెంటు బిల్లు, నాలుగు మడతలు పెట్టిన ఓపీ చీటీ. సిరా కొంచెం చెదిరింది. నేరానికి ఏడు నెలల ముందు తేదీ, ఒక మాత్ర పేరు, కింద గిలికిన మూడు ముక్కలు: చెవిలో మాటలు వినపడుతున్నాయట.

డాక్టరు ముందు తేదీ రెండుసార్లు చదువుకుంటాడు. తర్వాత ఆ చీటీకి జిరాక్సు తీయిస్తాడు.