అడ్డగాలి అంకె ఎలా పుట్టింది

రెండు ఇంజిన్ల టర్బోప్రాప్ (టర్బైన్ ఇంజిన్ ప్రొపెల్లర్‌ను తిప్పే) బిజినెస్ విమానాల్లో బాగా పేరున్న బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ బి200 మాన్యువల్‌లో అడ్డగాలికి, అంటే రన్‌వేకు అడ్డంగా వీచే గాలికి, 25 నాట్లు, అంటే గంటకు సుమారు 46 కిలోమీటర్లు అన్న అంకె ఉంటుంది. అది దాటరాని హద్దని కొందరు పైలట్లు నమ్ముతారు. పరీక్షల్లో చేసి చూపిన గాలి వేగం మాత్రమే కాబట్టి దాటినా తప్పులేదని మరికొందరు వాదిస్తారు. ఈ వాదన నేటికీ తెగకపోవడానికి కారణం ఆ అంకె పుట్టిన తీరులోనే ఉంది.

తొలినాళ్లలో విమానాలు దిగే చోట్లు చాలావరకు విశాలమైన గడ్డి మైదానాలే కావడంతో, పైలట్ గాలికి ఎదురుగా ఏ దిక్కు నుంచైనా దిగగలిగేవాడు. విమానాల బరువు పెరిగి గట్టి రన్‌వేలు వచ్చాక దిగే దిక్కు ఖాయమైపోయింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మూడు రన్‌వేలను త్రిభుజాకారంలో వేసి కొంత వెసులుబాటు కల్పించుకున్నా, ఆ తర్వాత పొడవాటి ఒకే రన్‌వే వైపు మొగ్గు పెరిగింది. దాంతో గాలిని తట్టుకునే భారం విమానం మీద, దాన్ని నడిపేవారి మీద పడింది.

అందుకే అమెరికా చిన్న విమానాల నియమాలు ఒక కనీస పరీక్ష పెట్టాయి. ల్యాండింగ్ స్థితిలో విమానం స్టాల్ అయ్యే (వేగం చాలక రెక్కలు విమానాన్ని మోయలేకపోయే) వేగంలో 20 శాతం వేగంతో గాలి రన్‌వేకు అడ్డంగా వీచినా విమానం అదుపు తప్పకూడదు. బి200 స్టాల్ వేగం సుమారు 75 నాట్లు కనుక నియమం అడిగేది 15 నాట్లే. కంపెనీ చూపించింది 25. అంతకు మించితే ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పదు. చెప్పనిదాన్ని అనుమతిగా చదువుకోవడమే ప్రమాదమని నా అభిప్రాయం.

25 నాట్ల అడ్డగాలిలో 103 నాట్లతో దిగుతున్న బి200 పక్కకు కొట్టుకుపోకుండా ఉండాలంటే, దాని ముక్కు రన్‌వే గీతకు దాదాపు 14 డిగ్రీలు గాలివైపు తిరిగి ఉంటుంది. నేల తాకేలోపు రడ్డర్‌తో (తోక మీది నిలువు చుక్కానితో) ముక్కును గీత వెంట తెచ్చి, గాలివైపు రెక్కను కిందికి వంచి, ఆ వైపు చక్రాన్ని ముందు ఆనించాలి. ఆ వెంటనే వేగం తగ్గించడానికి ప్రొపెల్లర్లను రివర్స్‌లోకి తెచ్చినప్పుడు ఒకటి రెండోదానికంటే ముందు స్పందిస్తే, విమానం పక్కకు లాగుతుంది.

డిజైన్లు కూడా ఒక్కటి కావు. 1964 జనవరిలో తొలిసారి ఎగిరిన కింగ్ ఎయిర్‌కు ప్రధాన చక్రాలు ఇంజిన్ల కింద, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. 1963 సెప్టెంబరులో ఎగిరిన జపాన్ విమానం మిత్సుబిషి ఎంయూ-2కు అవి విమానం పొట్టకు దగ్గరగా ఉంటాయి. దాని రెక్క వెనక అంచు పొడవునా ఫ్లాప్‌లే (నెమ్మదిగా దిగేందుకు కిందికి వాల్చే పలకలే) కావడంతో, విమానాన్ని పక్కకు వంచే ఎయిలెరాన్లకు బదులు రెక్క మీద పైకి లేచే స్పాయిలర్లు పెట్టారు. వరుస ప్రమాదాల తర్వాత 2008లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఈ విమానానికి ప్రత్యేక శిక్షణను తప్పనిసరి చేసింది. ఆ ప్రమాదాలన్నిటికీ కారణం అడ్డగాలి కాదు. అయినా ఏ విమానానికి తగ్గ శిక్షణ ఆ విమానానికి ఉండాలన్న పద్ధతి అడ్డగాలి ల్యాండింగ్‌కు మరింత అవసరం. మాన్యువల్‌లోని అంకె ఒక్కటే ఆ పని చేయజాలదు.