గుమ్మం పైనున్న దాత

లండన్‌లోని మ్యూజియం ఆఫ్ ది హోమ్ గుమ్మం పైన ఉన్న దాత రాబర్ట్ జెఫ్రీ విగ్రహాన్ని, ఆయనకు బానిస వ్యాపారంతో సంబంధం ఉంది కాబట్టి, తీసేయాలా, ఉంచాలా? 2020లో రాజుకున్న ఈ గొడవ అర్థం కావాలంటే ముందు ఆ కట్టడం ఎవరి కోసం, ఎలా కట్టారో చూడాలి.

అది మొదట మ్యూజియం కాదు, ఆమ్స్‌హౌస్. మన సత్రం లాంటిదే అనుకోవచ్చు గానీ, సత్రంలో నాలుగు రోజులుండి వెళ్లిపోతాం. ఇక్కడికి వచ్చిన పేద వృద్ధులకు మిగిలిన బతుకంతా ఇక్కడే. లండన్ లార్డ్ మేయర్‌గా పనిచేసిన వ్యాపారి సర్ రాబర్ట్ జెఫ్రీ 1704లో చనిపోతూ వదిలిన డబ్బుతో ఐరన్‌మాంగర్స్ కంపెనీ, అంటే లండన్ ఇనుప వ్యాపారుల సంఘం, నగరంలోని షోర్‌డిచ్ ప్రాంతంలో దీన్ని కట్టించింది. 1714కల్లా పూర్తయింది.

పచ్చిక మైదానానికి మూడు వైపులా ఇటుకతో కట్టిన 14 ఇళ్లు, ఇంటికి నాలుగు గదులు, గదికి ఒకరు. మంచం, బల్ల, వంటకూ చలికాచుకోవడానికీ ఒకటే పొయ్యి. అంత చిన్నదైనా, తలుపు వేసుకుంటే ఆ గది వాళ్లదే. ఈ కట్టడంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే.

మైదానంలో నిలబడితే చూపు నేరుగా మధ్యలోని ప్రార్థనా మందిరం మీదికి పోతుంది. దాని గుమ్మం పైన గూటిలో జెఫ్రీ విగ్రహం. మన సత్రాల గోడ మీద దాత పేరు చెక్కిన పాలరాయి ఉన్నట్టే. లోపలికి వెళ్లే ప్రతి ముసలి ప్రాణమూ ఆయన కిందుగానే వెళ్లాలి. ఆయన్ను తలుచుకోవడం నిర్మాణంలోనే ఉంది.

20వ శతాబ్దం మొదట్లో చుట్టూ ఊరు కిక్కిరిసిపోవడంతో కంపెనీ వృద్ధులను వేరే చోటికి మార్చింది. అసలు విగ్రహమూ వాళ్లతోనే వెళ్లింది. ఇప్పుడున్నది 1912 నాటి నకలు. భవనాన్ని లండన్ కౌంటీ కౌన్సిల్ కొని, 1914లో మ్యూజియం తెరిచింది. అందుకోసం లోపలి అడ్డగోడలు చాలావరకు తీసేశారు.

జెఫ్రీ డబ్బులో కొంత బానిస వ్యాపారానిది. బానిసలను తరలించిన ఓడలో ఆయనకు వాటా ఉంది. 2020లో మ్యూజియం అభిప్రాయం అడిగితే ఎక్కువమంది తీసేయమన్నారు. ప్రభుత్వం ఉంచమన్న వైపే మొగ్గింది, ట్రస్టీలు ఉంచారు. మరుసటి ఏడాది అదే ఆవరణలో అంతగా కంటబడని చోటికి మార్చాలని ఉందని చెప్పారు. అయితే ఈ భవనం గ్రేడ్ వన్, అంటే అత్యున్నత శ్రేణి రక్షిత కట్టడం, అనుమతి లేకుండా విగ్రహాన్ని కదపలేరు.

గోడలు పడగొట్టినప్పుడు పోయిన గదులతో పోలిస్తే, ఈ నకలు కదిలితే కట్టడానికి వచ్చే నష్టం చాలా తక్కువని నాకనిపిస్తుంది. 14వ నంబరు ఇంట్లో మాత్రం 1780ల నాటి గదినీ 1880ల నాటి గదినీ మళ్లీ అప్పటిలాగే సర్ది పెట్టారు. వృద్ధులు ఎలా బతికారో అక్కడ కనిపిస్తుంది.